స్వాప్ గ్రూప్‌లో ఎవరైనా రూల్ తప్పితే అడ్మిన్ ఏం చేయాలి, ఏ వరసలో చేయాలి

మగ్గం వర్క్ సామాను, క్రోషియా దారాలు, బ్లౌజ్ పీసులు, పూసలు, క్విల్లింగ్ పేపర్లు, ఇలా మన దగ్గర మిగిలిపోయినవి ఇంకొకరికి పంపి వాళ్ల దగ్గర మిగిలినవి మనం తెచ్చుకునే స్వాప్ గ్రూపులు వాట్సాప్‌లో చాలా నడుస్తున్నాయి. బాగా నడిచినంతకాలం వాటంత హాయైనది లేదు. కానీ ఒకావిడ తన వంతు పంపేసి, అవతలావిడ పంపకుండా ఊరుకుంటే గ్రూపంతా రెండు వర్గాలైపోతుంది, ఎందుకంటే ఇక్కడ బిల్లు లేదు, రిటర్న్ పాలసీ లేదు, ఉన్నదల్లా ఇచ్చిన మాటే. అప్పుడు అందరూ అడ్మిన్ మొహమే చూస్తారు.

గ్రూప్ నడుపుతున్నవాళ్ల కోసం, కొత్తగా పెడదామనుకుంటున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నా. ఇందులో నేను గట్టిగా పట్టుకునే మాట ఒకటుంది: నష్టపోయినావిడ సంగతి ముందు చూడండి, తప్పు చేసినావిడ సంగతి తర్వాత చూడండి. చాలా చోట్ల ఇది తిరగేసి జరుగుతుంది. తప్పు చేసినావిడని తీసేయాలా వద్దా అని వారం పాటు వాదించుకుంటారు, ఆమెని తీసేశాక అందరూ చల్లబడతారు, పాపం పార్సిల్ అందనావిడకి మాత్రం ఏమీ రాదు, ఆవిడ మెల్లగా గ్రూప్ లోంచి వెళ్లిపోతుంది.

ముందు రూల్స్ సంగతి

రాసి పెట్టని రూల్‌ని తప్పారని ఎవర్నీ అనలేం. గ్రూప్ డిస్క్రిప్షన్‌లో రూల్స్ ఉండాలి, ప్రతి స్వాప్ మొదలయ్యేటప్పుడు వాటిని మళ్లీ ఒక మెసేజ్‌గా వేసి పిన్ చేయాలి, చేరేవాళ్లు "చదివాను, ఒప్పుకుంటున్నాను" అని రిప్లై ఇచ్చాకే పార్ట్‌నర్‌ని కేటాయించాలి. ఆ ఒక్క రిప్లై తర్వాత ఎన్ని తగాదాలు ఆపుతుందో చెప్పలేను.

రూల్ అనేది ఇద్దరు చదివితే ఒకేలా అర్థమవ్వాలి. "మంచి వస్తువులే పంపండి" అని రాస్తే అది రూల్ కాదు, ఎవరి మంచి వాళ్లది. దాని బదులు ఇలా రాయండి: "వాడిన రీలు, సగం అయిపోయిన దారపు లచ్చీ పంపొచ్చు కానీ ఫొటో ముందే పెట్టి అవతలివాళ్లు ఓకే అన్నాకే పంపాలి. తుప్పు పట్టిన సూదులు, నల్లబడ్డ జరీ, రంగు దిగే సిల్క్ థ్రెడ్ పంపకూడదు." రంగు దిగుతుందో లేదో తెలుసుకోవడం పెద్ద పనేం కాదు, తెల్ల గుడ్డ ముక్క తడిపి దారం మీద గట్టిగా రుద్దితే తెలిసిపోతుంది, ఆ పని పంపేవాళ్లదే అని కూడా రాసేయండి. అలాగే పార్సిల్ విలువ సుమారుగా ఎంతుండాలి, ఏ తేదీలోపు బుక్ చేయాలి, ట్రాకింగ్ నంబర్ ఎవరికి పంపాలి, పార్సిల్ అందాక ఎన్ని రోజుల్లో ఫొటో పెట్టాలి, ఇవన్నీ ఉండాలి.

తేదీ విషయంలో ఒక మాట. శ్రావణమాసంలో, సంక్రాంతి ముందు, పెళ్లి ముహూర్తాలు ఎక్కువున్న నెలల్లో గడువు పెట్టకండి. మన గ్రూపుల్లో ఉండేవాళ్లలో సగం మంది బ్లౌజులు కుట్టేవాళ్లు, మగ్గం వర్క్ చేసేవాళ్లు, వరలక్ష్మీ వ్రతం ముందు వాళ్లకి అన్నం తినడానికే టైముండదు. ఆ నెలలో గడువు పెట్టి, తర్వాత లేట్ అయ్యారని నోటీసులిస్తే ఆ తప్పు గడువు పెట్టినవాళ్లది.

కంప్లైంట్ రాగానే

మొదట చేయాల్సింది: కంప్లైంట్ గ్రూప్‌లో పడితే దాన్ని అక్కడ సాగనివ్వకండి. "చూశానండి, మీతో పర్సనల్‌గా మాట్లాడతాను, ఈ విషయం మీద ఇక్కడ ఇంకెవరూ రాయొద్దు ప్లీజ్" అని ఒక్క మెసేజ్ పెట్టండి. వినకుండా ఒకరి మీద ఒకరు ఎక్కుతుంటే సెట్టింగ్స్‌లో అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పంపేలా కాసేపు మార్చేయండి, తప్పేం లేదు, రాత్రికి మళ్లీ తెరవొచ్చు.

రెండోది, స్క్రీన్‌షాట్లు. వెంటనే తీసుకోండి, రేపు తీద్దాంలే అనుకోకండి. వాట్సాప్‌లో మెసేజ్‌ని 15 నిమిషాల్లోపు ఎడిట్ చేయొచ్చు, రెండు రోజులు దాటేదాకా అందరికీ కనపడకుండా డిలీట్ చేయొచ్చు. కంప్లైంట్ చేసినావిడని వాళ్లిద్దరి మధ్య నడిచిన చాట్ పంపమనండి, కత్తిరించిన ముక్కలు వద్దు, తేదీలు కనపడేలా మొదట్నుంచి కావాలి. గ్రూప్ చాట్ అంతా ఎక్స్‌పోర్ట్ చేసి మీ మెయిల్‌కి పంపుకుని పెట్టుకుంటే ఇంకా మంచిది.

మూడోది, ట్రాకింగ్ నంబర్. "పంపాను" అనే మాట వేరు, బుక్ అవ్వడం వేరు. స్పీడ్ పోస్ట్ నంబర్ 13 అక్షరాలుంటుంది, ముందు రెండు ఇంగ్లీష్ అక్షరాలు, మధ్యలో 9 అంకెలు, చివర ఐ, ఎన్. ఇండియా పోస్ట్ వెబ్‌సైట్‌లో ఆ నంబర్ మీరే కొట్టి చూడండి, ఏ రోజు ఏ పోస్టాఫీసులో బుక్ అయిందో, ఇప్పుడెక్కడుందో కనపడుతుంది. రసీదు ఫొటో ఒకటే చూసి నమ్మేయకండి, పాత రసీదు పంపేవాళ్లున్నారు, అందుకే బుక్ అయిన తేదీ, చేరాల్సిన ఊరి పిన్‌కోడ్ కలుస్తున్నాయో లేదో చూడాలి. 2025లో రిజిస్టర్డ్ పోస్ట్‌ని స్పీడ్ పోస్ట్‌లో కలిపేశారు కాబట్టి మీ పాత రూల్స్‌లో "రిజిస్టర్డ్ పోస్ట్‌లో పంపాలి" అని ఉంటే అది మార్చుకోండి.

చాలాసార్లు విషయం ఇక్కడే తేలిపోతుంది. పార్సిల్ పోస్టాఫీసులోనే ఉంటుంది, ఇంటికొచ్చినప్పుడు తాళం వేసుందని వెనక్కి తీసుకెళ్లుంటారు, ఈవిడకి తెలీదు. లేదా అడ్రస్‌లో ఫ్లాట్ నంబర్ తప్పు. అందుకే ట్రాకింగ్ చూసేదాకా ఎవర్నీ ఒక్క మాట కూడా అనొద్దు.

అవతలావిడకి రాసే మొదటి మెసేజ్

అన్నిటికంటే ఎక్కువ జాగ్రత్త ఇక్కడ కావాలి. ఈ మెసేజ్ ఎలా ఉంటుందో దాన్ని బట్టే ఆవిడ నిజం చెప్తుందా, బ్లాక్ చేసి పోతుందా అనేది తేలుతుంది. "మీ మీద కంప్లైంట్ వచ్చింది, 24 గంటల్లో సమాధానం ఇవ్వండి" అని పోలీస్ స్టేషన్ భాషలో రాస్తే ఎవరైనా బిగుసుకుపోతారు. ఇలా రాసి చూడండి:

"నమస్తే అండి, బాగున్నారా? క్రోషియా స్వాప్‌లో మీ పార్ట్‌నర్‌కి పార్సిల్ ఇంకా అందలేదంటున్నారు. మీరు బుక్ చేసుంటే ట్రాకింగ్ నంబర్ పెట్టండి, నేను చూస్తాను. ఇంకా బుక్ చేయకపోతే పర్లేదు, ఏదైనా ఇబ్బందుంటే చెప్పండి, ఎప్పటికి పంపగలరో తేదీ చెప్తే ఆవిడకి నేను చెప్తాను. ఆదివారం లోపు ఒక మాట చెప్పండి."

ఇందులో నింద లేదు, కానీ తేదీ ఉంది. రెండూ ఉండాలి. తేదీ లేకుండా మర్యాద ఒక్కటే ఉంటే నెల గడిచిపోతుంది. మీకంటే పెద్దావిడైతే "అక్కా" అనో "పిన్నీ" అనో గ్రూప్‌లో ఎలా పిలుస్తారో అలాగే పిలవండి, ఇలాంటప్పుడు ఉన్నట్టుండి "మేడమ్" అని మొదలెడితే దూరం పెట్టినట్టు ఆవిడకి వెంటనే తెలుస్తుంది.

చదివి రిప్లై ఇవ్వకపోతే రెండు రోజులాగి ఫోన్ చేయండి. ఫోన్‌లో నాకు చాలాసార్లు వినిపించిన మాట "సిగ్గేసిందండి". పంపుదామనుకుంటూనే ఒక వారం దాటింది, తర్వాత ఏం మొహం పెట్టుకుని చెప్పాలో తెలీలేదు, ఇంట్లో అత్తగారికి ఆపరేషన్, పిల్లల పరీక్షలు, చేతిలో కొరియర్‌కి డబ్బుల్లేవు, ఇలా ఏదో ఒకటి. ఆ చివరిది మాత్రం ఎవరూ నోరు తెరిచి చెప్పరు, మీరే అర్థం చేసుకుని "పోస్టల్ ఖర్చు నేను పంపుతాను, తర్వాత ఇద్దురు" అని అడగాలి. అందరూ మోసగాళ్లు కారు, మోసం చేసేవాళ్లు నిజంగా తక్కువ, కానీ ఆ తక్కువమంది వల్ల మనం అందర్నీ అలా చూడ్డం మొదలెడితే గ్రూప్‌లో ఎవరుంటారు?

అన్ని తప్పులూ ఒకటి కాదు

లేట్ అవ్వడం చిన్న తప్పు. చెప్పి లేట్ అయితే అసలు తప్పే కాదు. చెప్పకుండా లేట్ అయితే ఒక మాట, వచ్చే స్వాప్‌లో "ముందు మీరు పంపాక, అది అందాకే అవతలివాళ్లు పంపుతారు" అనే షరతు. అంతే, అంతకంటే సాగదీయకండి.

వస్తువు బాలేదు, చెప్పింది ఒకటి పంపింది ఒకటి అనే తగాదా కాస్త చిక్కైనది. ఉదాహరణకి పోచంపల్లి ఇకత్ బ్లౌజ్ పీస్ అని పంపారు, వచ్చింది ప్రింట్. ఎలా తెలుస్తుందంటే ఇకత్‌లో నేయకముందే దారానికి రంగులేస్తారు కాబట్టి గుడ్డ తిరగేసినా డిజైన్ రెండో వైపు కూడా దాదాపు అంతే గట్టిగా కనపడుతుంది, డిజైన్ అంచులు ఈకల్లా కొంచెం చెదిరి ఉంటాయి, ప్రింట్ అయితే వెనకవైపు వెలిసినట్టుంటుంది, అంచు గీత గీసినట్టుంటుంది. అలాగే నరసాపురం చేతి లేసు అని మెషిన్ లేసు పంపడం. ఆ లేసుకి 2024లో జీఐ గుర్తింపు (ఆ పేరు ఆ ప్రాంతపు లేసుకే చెందుతుందనే భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది, ఆ పేరు చెప్పి ఇంకోటి ఇస్తే గోదావరి జిల్లాల్లో ఒక్కో గొలుసు సూదితో లాగి అల్లే ఆడవాళ్ల కష్టాన్ని తీసిపారేసినట్టే, నాకు నిజంగా కోపమొస్తుంది. ఫొటో పెద్దది చేసి చూడండి, చేతి క్రోషియాలో ఒక్కో కుట్టు ఒక లూప్ లోంచి ఇంకో లూప్ వచ్చినట్టు విడిగా కనపడుతుంది, వెనక ఎక్కడో దారం కొస లోపలికి దూర్చిన చోటు ఉంటుంది. మెషిన్ ఎంబ్రాయిడరీ లేసులో సన్న కుట్టుదారాలు ఒకదాని మీద ఒకటి పడి అంచు నూగునూగుగా ఉంటుంది.

అయితే ఇక్కడ కూడా తొందరపడకండి. పంపినావిడ కూడా షాపువాడు చెప్పింది నమ్మి కొనుండొచ్చు. "ఇది మీరెక్కడ కొన్నారండి, బిల్లుందా" అని మామూలుగా అడగండి. తెలీక పంపితే చాలామంది వెంటనే వేరేది పంపుతామంటారు. తెలిసి పంపినావిడ మాత్రం ప్రశ్నకి సమాధానం చెప్పకుండా "ఫ్రీగా వచ్చినదానికి ఇన్ని వంకలా" అని ఎదురు తిరుగుతుంది. స్వాప్‌లో ఫ్రీ అనేదే లేదు, అవతలావిడ కూడా తన సామాను పంపింది కదా.

గ్రూప్‌లో తీసుకున్నదాన్ని బయట అమ్ముకోవడం, గ్రూప్‌లో సేల్ పోస్టులు పెట్టడం ఇంకో రకం. సేల్ పోస్ట్ కనపడితే అడ్మిన్‌గా దాన్ని డిలీట్ చేసి, పర్సనల్‌గా ఎందుకు తీశారో చెప్పండి, మొదటిసారికి అది చాలు.

డబ్బు పెట్టి కొన్న క్రోషియా పాటర్న్ పీడీఎఫ్‌లు గ్రూప్‌లో పంచడం గురించి చాలామంది అసలు తప్పనే అనుకోరు. డిజైన్ రాసిపెట్టిన ఆ షీటు మీద హక్కు రాసినావిడది, కాపీరైట్ చట్టం దానికీ వర్తిస్తుంది. ఆ ఫైల్ వెంటనే డిలీట్ చేయండి. ఆ పాటర్న్ చూసి అల్లిన వస్తువుని స్వాప్ చేసుకోవడం వేరు, ఫైల్ పంచడం వేరు అని గ్రూప్‌లో ఒకసారి వివరంగా చెప్తే మళ్లీ రాదు.

ఇక అడ్రస్‌ల విషయం. ఇది మాత్రం రెండో మాట లేని తప్పు. స్వాప్ కోసం ఇచ్చిన ఇంటి అడ్రస్, ఫోన్ నంబర్ వేరేవాళ్లకి ఇవ్వడం, ఆ నంబర్‌కి అనవసరమైన మెసేజ్‌లు పంపడం, ఇంట్లో మగవాళ్లు ఆ నంబర్ తీసుకుని ఫోన్లు చేయడం, ఇలాంటిది ఒక్కటి జరిగినా హెచ్చరికలు, గడువులు ఏమీ లేవు, ఆధారం చూసుకుని అదే రోజు తీసేయండి. ఇబ్బంది పడినావిడతో మీరే మాట్లాడి, కావాలంటే పోలీస్ కంప్లైంట్‌కి తోడుండండి. తెలంగాణలో ఆడవాళ్లని వేధించేవాళ్ల సంగతి చూసే పోలీసు బృందాలు, షీ టీమ్స్ ఉన్నాయి, రెండు రాష్ట్రాల్లోనూ మహిళా హెల్ప్‌లైన్ 181 పనిచేస్తుంది. ఇలాంటిది జరగకుండా అడ్రస్‌లు గ్రూప్‌లో వేయనివ్వకండి, అడ్మిన్ ద్వారా పార్ట్‌నర్‌కి మాత్రమే వెళ్లాలి.

నష్టపోయినావిడకి ఏం చేయాలి

విదేశాల్లో ఎప్పట్నుంచో నడుస్తున్న స్వాప్ గ్రూపుల్లో "ఏంజెల్" అనే పద్ధతుంది. పార్ట్‌నర్ పంపకుండా పోతే, గ్రూప్‌లో ఇంకొకరు ముందుకొచ్చి ఆవిడకి తమ తరఫున ఒక పార్సిల్ పంపుతారు. మనం కూడా ఇది పెట్టుకోవచ్చు, పెట్టుకోవాలి. ప్రతి స్వాప్ మొదట్లోనే "ఎవరికైనా అందకపోతే పంపడానికి ఎవరు రెడీగా ఉంటారు" అని అడిగి ఇద్దరు ముగ్గురి పేర్లు రాసి పెట్టుకోండి. మన ఆడవాళ్లు ఈ విషయంలో వెనకాడరు, అడిగితే చాలు.

గడువు దాటి, మీరు ఇచ్చిన రెండో తేదీ కూడా దాటాక ఇక ఆగకండి. ఏంజెల్ పార్సిల్ బుక్ చేయించేయండి. తప్పు చేసినావిడ కేసు తేలలేదు కదా, ఇంకా మాట్లాడుతున్నాం కదా అని ఈవిడని ఆపకూడదు, ఆ రెండింటికీ సంబంధం లేదు. తర్వాత అసలు పార్ట్‌నర్ తేరుకుని పంపితే ఆ పార్సిల్‌ని ఏంజెల్‌కి పంపమని చెప్పండి, లెక్క సరిపోతుంది.

ఏంజెల్ పంపేది విలువలో కొంచెం తక్కువైనా పర్లేదు, కానీ ఆవిడ అడిగిన రంగు, ఆవిడ చేసే పనికి పనికొచ్చేది ఉండాలి. క్రోషియా అల్లేవాళ్లకి కుందన్స్ పంపితే అది సాయం కాదు, వదిలించుకున్నట్టుంటుంది. లోపల చేత్తో రాసిన చిన్న చీటీ పెడితే ఇంకా బాగుంటుంది.

అమెరికాలో, గల్ఫ్‌లో ఉండే మనవాళ్లతో స్వాప్ అయితే ఏంజెల్‌ని వీలైతే అదే దేశంలో చూడండి. 2025 ఆగస్టు 29 నుంచి అమెరికాలో 800 డాలర్లలోపు పార్సిళ్లకి ఉన్న సుంకం మినహాయింపు తీసేశారు, అంతకు కొద్ది రోజుల ముందే ఇండియా పోస్ట్ అక్కడికి చాలా పార్సిళ్లు బుక్ చేసుకోవడం ఆపేసి, అక్టోబర్‌లో మళ్లీ మొదలెట్టింది. అలాంటి టైములో లేట్ అయినవాళ్లని తప్పు పట్టడానికి లేదు. విదేశీ స్వాప్‌కి గడువు వేరేగా పెట్టండి, సుంకం పడితే ఎవరు కట్టాలో ముందే రాయండి.

తీసేయాల్సి వస్తే

రెండు తేదీలు దాటాయి, ఫోన్ ఎత్తట్లేదు, లేదా ఇదే మనిషి ఇంతకుముందు కూడా ఇలాగే చేసింది. అప్పుడు మీరొక్కరే నిర్ణయించకండి, ఇంకో అడ్మిన్‌తో మాట్లాడి ఇద్దరూ ఒప్పుకున్నాకే తీయండి. తీసేముందు ఆవిడకి చివరి మెసేజ్ ఒకటి: ఏ రూల్, ఏ తేదీ, ఎన్నిసార్లు అడిగాం, అందుకే తీస్తున్నాం, బాకీ పార్సిల్ పంపితే మళ్లీ మాట్లాడదాం. కోపంగా ఒక్క ముక్క కూడా వద్దు, ఆ మెసేజ్ స్క్రీన్‌షాట్ ఎక్కడికైనా వెళ్లొచ్చు.

తీసేశాక ఇన్వైట్ లింక్ రీసెట్ చేయండి, కొత్తవాళ్లు చేరాలంటే అడ్మిన్ అప్రూవల్ కావాలనే ఆప్షన్ ఆన్ చేయండి, వేరే నంబర్‌తో వచ్చేవాళ్లుంటారు. గ్రూప్‌కి చెప్పేటప్పుడు పేరు, ఫొటో, ఊరు పెట్టి "ఈవిడ దొంగ, జాగ్రత్త" అని ఎప్పటికీ వేయొద్దు. "ఆ స్వాప్‌లో ఒక పార్సిల్ రాలేదు, ఆ సభ్యురాలు ఇప్పుడు గ్రూప్‌లో లేరు, అందనివాళ్లకి ఏంజెల్ పంపారు, ఎవరికైనా ఇంకా రావాల్సింది ఉంటే నాకు పర్సనల్‌గా చెప్పండి" అంటే సరిపోతుంది. ఆవిడకీ ఊళ్లో బంధువులుంటారు, పిల్లలుంటారు, ఒక పూసల ప్యాకెట్ కోసం ఆవిడ పరువు వీధిలో పెట్టే హక్కు మనకి లేదు. పైగా అది పరువు నష్టం కేసు దాకా వెళ్లొచ్చు.

స్వాప్ పేరుతో అడ్వాన్స్, డిపాజిట్ అని డబ్బులు లాగి మాయమైతే మాత్రం అది రూల్ తప్పడం కాదు, నేరం. డబ్బు పోయినావిడని వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనండి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కంప్లైంట్ పెట్టమనండి, ఎంత తొందరగా చేస్తే ఆ డబ్బు బ్యాంకులో ఆగే అవకాశం అంత ఎక్కువ. మీ దగ్గరున్న స్క్రీన్‌షాట్లు, యూపీఐ వివరాలు ఆవిడకిచ్చేయండి. ఎవరో పెట్టిన మెసేజ్‌కి అడ్మిన్‌ని కూడా పట్టుకుంటారేమో అని కొందరు భయపడి ఆధారాలే డిలీట్ చేసేస్తారు. అలా చేయకండి. అడ్మిన్ అయినంత మాత్రాన సభ్యులు పెట్టిన మెసేజ్‌కి బాధ్యులు కారని 2021లో బాంబే హైకోర్టు, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి, మీరు అందులో కలిసుంటే తప్ప.

మనవాళ్లే తప్పితే

గ్రూప్ పెట్టినప్పట్నుంచి ఉన్న ఫ్రెండ్, లేదా సొంత వదిన పార్సిల్ పంపకపోతే? అందరూ గమనించేది అదే. ఆ కేసు మీరు చూడకండి, ఇంకో అడ్మిన్‌కి అప్పజెప్పి, అప్పజెప్పానని గ్రూప్‌లో చెప్పండి. కొత్తావిడకి ఇచ్చిన గడువే ఆవిడకీ, అదే చివరి మెసేజ్ ఆవిడకీ. ఇంట్లో రెండు రోజులు మాటలుండకపోవచ్చు, అది భరించాల్సిందే.

మళ్లీ వస్తానంటే

బాకీ పార్సిల్ పంపి, అది అందిందని అవతలావిడ చెప్పాక, మూడు నెలల తర్వాత అడిగితే చేర్చుకోవచ్చని నా అభిప్రాయం. మొదటి రెండు స్వాప్‌లు ఆవిడే ముందు పంపాలి, రెండూ సరిగ్గా అయితే ఇక అందరితో సమానం. పాత సంగతి ఎవరైనా గ్రూప్‌లో ఎత్తితే వాళ్లకి పర్సనల్‌గా చెప్పండి, అది ముగిసిపోయింది, ఇక తీయొద్దని. అడ్రస్ దుర్వినియోగం చేసినవాళ్లకి, డబ్బులు తిన్నవాళ్లకి ఈ దారి లేదు.

వీటన్నిటికీ ఒక షీట్ పెట్టుకోండి, గూగుల్ షీట్ అయినా నోట్‌బుక్ అయినా సరే: స్వాప్ పేరు, ఎవరు ఎవరికి, బుక్ చేసిన తేదీ, ట్రాకింగ్ నంబర్, అందిన తేదీ, ఏంజెల్ ఎవరు, ఏమైనా మాట వచ్చిందా. అది అడ్మిన్లు తప్ప ఇంకెవరూ చూడకూడదు, స్వాప్ అయిపోయాక అందులో అడ్రస్‌లు ఉంటే చెరిపేయండి.